కూలి తూచే కాటాకు ముద్రేది?

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చిన రైతు ముందు కాటా వైపే చూస్తాడు. సంచి బరువు ఎంత తీసేశారు, తేమ పేరు చెప్పి ఎంత కోస్తున్నారు, తరుగు ఎవరు నిర్ణయించారు అని గొంతెత్తి అడుగుతాడు. అడగాల్సిందే. ఏడాది కష్టమంతా ఆ అంకె మీద ఉంది. అదే రైతు చేలో కొన్ని వారాల ముందు ఇంకో కాటా వేలాడింది. పశ్చిమ కర్నూలులోని ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకి, వచ్చిన ఆడమనిషి పొద్దుటి నుంచి కోసిన కాయల్ని దానికి తగిలించి తూచారు. దానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా? సంచి బరువు ఎంతని తీశారు? ఆమె చేతికి చీటీ ఇచ్చారా? ఆ ప్రశ్నలు అడిగే గొంతు అక్కడ లేదు.

వలస కూలీల మీద వివక్ష అంటే మనకు గుర్తొచ్చేవి మాటలు, చూపులు. ఒడిశావాడైనా బెంగాలీ అయినా అస్సామీ అయినా అందరినీ కలిపి ‘హిందీవాళ్లు’ అనేయడం, గది అద్దెకివ్వకపోవడం, వీధిలో సైకిలు పోతే ముందు వాళ్ల షెడ్డు వెతకడం. ఉత్తరాదిన ఎవరైనా మనల్ని ‘మద్రాసీ’ అంటే ఒళ్లు మండే మనం చేసే పనే ఇది. దీని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. కూలివాడి కడుపు కొట్టేది మాత్రం కొలత. ఒకే చేలో, ఒకే పనికి, స్థానికులకు ఒక కొలబద్ద, బయటివాళ్లకు ఇంకొకటి. సంస్కరణ మొదలుపెట్టాల్సింది అక్కడే.

ఊళ్లోని ఆడకూలీలు ఎక్కువగా రోజు కూలికి వస్తారు. వేళకు వచ్చి వేళకు దిగుతారు. ఆటో ఖర్చు రైతుది. డబ్బు ఆ సాయంత్రమో వారానికో చేతికొస్తుంది. దూరం నుంచి వచ్చిన కూలీల ముఠాకు కిలో లెక్క. చేను దగ్గరే పట్టాలు కప్పిన గుడారం, వారానికి కాస్త ఖర్చుల డబ్బు, మిగతా లెక్క సీజను చివర. కిలో లెక్కలో మోసం లేదు కదా, ఎంత కోస్తే అంత అంటారు. మిరపకాయ తత్వం తెలిసినవారెవరూ ఆ మాట అనలేరు.

నిండుగా పండిన పచ్చికాయలో తేమ 75 శాతం దాకా ఉంటుంది. చెట్టు మీదే వడలనిచ్చి తేమ 50 శాతానికి దిగాక కోస్తే అవే కాయలు సగం బరువే తూగుతాయి. రైతుకు అలా కోయించడానికి మంచి కారణమే ఉంది: కళ్లంలో ఆరబెట్టే రోజులు తగ్గుతాయి, రంగు నిలుస్తుంది, మబ్బు పట్టినా బూజు భయం తక్కువ. కోసే మనిషికి మాత్రం వేళ్లు కదిలించిన లెక్క అదే, వంగిన నడుము అదే, బరువు సగం. కిలో రేటు మారకపోతే ఆమె కూలి కూడా సగమే. మొదటి కోతలో కాయ గుత్తులుగా, బరువుగా ఉంటుంది. చివరి కోతకు వచ్చేసరికి చిన్నకాయ, తాలుకాయ, చెట్టుకు నాలుగైదు. బస్తా నిండాలంటే మూడింతలు నడవాలి. రోజు కూలి మనిషికి ఈ తేడాలేవీ తగలవు. వాతావరణం, పంట వయసు, రైతు ఎంచుకున్న కోత సమయం, అన్నిటి నష్టమూ కిలో లెక్క మనిషి భుజం మీదే పడుతుంది.

తరుగు సంగతి చూద్దాం. గోనెసంచి బరువు అర కిలో దాటుతుంది. ప్లాస్టిక్ సంచి దాని పావువంతు కూడా ఉండదు. రెండింటికీ ఒకే తరుగు తీస్తే తేడా ఎవరి జేబులో పడుతుందో చెప్పనక్కర్లేదు. లెక్క కోసం అనుకుందాం: ఒక మనిషి రోజుకు 50 కిలోలు కోస్తుంది, ప్రతి 10 కిలోల తూకానికి అర కిలో అదనంగా తీశారు. రోజుకు పోయేది 2.5 కిలోలు. నలుగురున్న కుటుంబం, 90 రోజుల సీజను. మొత్తం 900 కిలోలు, అంటే 18 పనిదినాలు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. 18 పనిదినాలు ఉచితంగా జరిగిపోయాయి.

ఈ కిలో లెక్క ఇంకో పని కూడా చేస్తుంది. పిల్లల్ని పనిలో పెట్టుకోకుండానే పని చేయిస్తుంది. తల్లి సంచిలో పదేళ్ల కూతురు కోసిన కాయలు కలిసిపోతాయి. ఎక్కడా ఆ పిల్ల పేరు ఉండదు, కూలి ఇచ్చినట్టు ఉండదు. రోజు కూలి అయితే మనిషిని లెక్కపెట్టాలి, పిల్ల కనబడుతుంది. బరువును లెక్కపెడితే కనబడదు. పశ్చిమ కర్నూలు పల్లెల్లో సుగ్గి మొదలవగానే బడి ఎందుకు ఖాళీ అవుతుందో తెలుసుకోవాలంటే గుంటూరు, పల్నాడు చేలలోని కాటాను చూడాలి.

ఇటుక బట్టీల్లో ఇది మరీ బాహాటం. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి నువాఖాయ్ పండుగ తర్వాత అడ్వాన్సు పుచ్చుకుని వచ్చే కుటుంబాలకు అక్కడ ‘పతురియా’ అనే లెక్క ఉంది: మొగుడు, పెళ్లాం, తోడు ఒకరు. చాలాసార్లు ఆ మూడో మనిషి బిడ్డే. అడ్వాన్సు పతురియాకింత, కూలి వెయ్యి ఇటుకలకింత. ఆ వెయ్యిని ఎప్పుడు లెక్కపెడతారన్నదే కీలకం. అచ్చు తీసిన రోజు లెక్కపెడితే ఒక కూలి, ఆరి బట్టీకి ఎక్కే రోజు లెక్కపెడితే ఇంకో కూలి. రెండో పద్ధతిలో మధ్యలో విరిగినవి, అకాల వానకు కరిగినవి అన్నీ కూలివాడి ఖాతాలోనే. అడ్వాన్సు తీరలేదంటూ సీజను చివర మిగిలేది ఏమీ ఉండదు. తీరిందో లేదో చూపించే పుస్తకం యజమాని దగ్గరే ఉంటుంది.

చట్టం ఏమంటోంది? చాలా స్పష్టంగా అంటోంది, అందుకే ఈ మౌనం మింగుడుపడదు. 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం పని లెక్కన ఇచ్చే కూలి అయినా, ఆ పనికి రోజువారీ కనీస వేతనం నిర్ణయించి ఉంటే అంతకు తగ్గకూడదని ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం కొనసాగింది. కిలోలు తక్కువైనా రోజు కూలి దక్కాలి. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయేనని ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ పనుల కేసులో సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది. ఇక 2009 తూనికలు కొలతల చట్టం. అందులో ‘లావాదేవీ’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. కొనుగోళ్లు, అమ్మకాలే కాదు, చేసిన పనిని, రావాల్సిన కూలిని లెక్కగట్టడం కూడా లావాదేవీయే. అంటే చేలో కూలి తూచే కాటా కూడా కిరాణా కొట్టు కాటా లాగే తనిఖీ అయి, ముద్ర పడి ఉండాలి. పెట్రోలు బంకుల మీద దాడులు, బంగారు కొట్లలో తనిఖీలు అని తరచూ వార్తలు చదువుతాం. విజయవాడ రైతుబజారులో టమాటా తూకం తగ్గితే ఫిర్యాదు చేస్తాం. మిరప చేలో కూలి కాటా పట్టుకున్నారన్న వార్త మీరెప్పుడైనా చదివారా?

వలస చట్టం కథ వేరు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఒకే పనికి స్థానికులతో సమానంగా కూలి ఇవ్వాలంది, ఫొటో అతికించిన పాస్‌బుక్ చేతికివ్వాలంది, ఊరు విడిచినందుకు భత్యం ఇవ్వాలంది. అయిదుగురున్న చోట వర్తించేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఆ సంఖ్య పదికి పెరిగింది, ఊరు విడిచిన భత్యం పోయింది. ఒకటి మాత్రం బాగుపడింది: కాంట్రాక్టరు ద్వారా కాకుండా సొంతంగా వచ్చినవారు కూడా నిర్వచనంలో చేరారు. రెండు చట్టాల్లోనూ ఒక వింత మిగిలే ఉంది. ఖమ్మం నుంచి విజయవాడకు రెండున్నర గంటల్లో వచ్చినవాడు వలస కార్మికుడు. కోసిగి నుంచి 300 కిలోమీటర్లకు పైగా వ్యానులో నిలబడి గుంటూరు చేలకు వచ్చినవాడు కాడు, ఎందుకంటే మధ్యలో రాష్ట్ర సరిహద్దు లేదు.

రైతే నష్టాల్లో ఉంటే కూలి గురించి ఈ గోలేమిటని అడుగుతారు. నిజమే. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యానికి దిగాల్సి వచ్చింది. కోత ఖర్చు రైతు నడుం విరుస్తోందన్నదీ నిజమే. ఆ ఏడాదైనా నష్టాన్ని ఊళ్లో కూలీల మీద రుద్దగలిగారా? రుద్దలేరు, మర్నాడు వాళ్ల మొహం చూడాలి. బయటివాళ్ల లెక్కలో రుద్దవచ్చు. బయటివాళ్లు వచ్చి మా పని లాక్కుంటున్నారనే స్థానిక కూలీల బాధ కూడా ఇక్కడే పుట్టింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో మన అసెంబ్లీ చట్టం చేసింది. చవగ్గా దొరికే మనిషి పక్కనే ఉంటే కోటా ఎవరిని కాపాడుతుంది? ఇద్దరికీ ఒకే కొలత పెట్టి చూడండి, చవక అన్న ఆకర్షణ పోతుంది. స్థానిక కూలీకి అంతకు మించిన రక్షణ లేదు.

అసలు జబ్బు పేరు ‘మనోడు’. మన దగ్గర సగం వ్యవహారాలు నోటిమాట మీద నడుస్తాయి, దాన్ని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఊళ్లో మేస్త్రికి, ఊళ్లో కూలీకి మధ్య నోటిమాట చాలు, ఎందుకంటే మాట తప్పితే అడగడానికి మేనమామ ఉన్నాడు, వార్డు మెంబరు ఉన్నాడు, పెళ్లిలో ఎదురుపడాల్సిన మొహాలున్నాయి. బయటినుంచి వచ్చినవాడికి ఇవేవీ లేవు. వాడికి కాగితం కావాలి. మనం సరిగ్గా తిరగేశాం: కాగితం అవసరం లేని మనోడికి రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, సంఘం కార్డు అన్నీ ఉన్నాయి. కాగితం తప్ప దిక్కులేని వాడితో నోటిమాట వ్యవహారం నడుపుతాం. విజయవాడ హోటళ్లలో చూడండి. గల్లాపెట్టె దగ్గర, వడ్డనలో తెలుగు కుర్రాళ్లు, లోపల పొయ్యిల దగ్గర, గిన్నెల దగ్గర బెంగాల్, ఒడిశా, నేపాల్ వాళ్లు. సంక్రాంతికి కొత్త బట్టలు, బోనసు, రెండ్రోజుల సెలవు ముందువాళ్లకు. టిప్పు కూడా ముందువాళ్లకే. అమరావతి సైట్లలో స్లాబు పోత రాత్రి దాటి తెల్లవార్లూ నడిస్తే రోజు కూలి మనిషి అదనపు డబ్బు అడుగుతాడు. గుత్తకు వచ్చిన బృందానికి రాత్రయినా పగలైనా చదరపు అడుగు చదరపు అడుగే.

కార్మిక సంఘాలకూ ఈ మాట తగలాలి, వాటి చరిత్ర మీద గౌరవంతోనే చెబుతున్నాను. విజయవాడ వన్‌టౌన్‌లో, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో ముఠా కార్మికులు సరుకు ఎత్తి దించడానికి బస్తాకింత అని వర్తకులతో కూర్చుని ఒప్పందం రాయించుకుంటారు. పని లెక్క కూలిని న్యాయంగా నడపడం సాధ్యమేనని దశాబ్దాలుగా రుజువు చేస్తున్నది వాళ్లే. బస్తా బరువు తెలుసు, రేటు రాసి ఉంది, లెక్కపెట్టేది ఇద్దరూ. ఆ విద్యను చేలకూ బట్టీలకూ ఎందుకు తీసుకెళ్లరు? ముఠాలో చోటు తండ్రి నుంచి కొడుక్కి, మేనల్లుడికి దాటుతున్నంత కాలం అది కూడా ‘మనోడి’ లెక్కే.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి తూకానికీ రెండు ప్రతుల చీటీ: తేదీ, స్థూల బరువు, సంచి బరువు, నికర బరువు, రేటు, ఆనాటి కూలి, తీసుకున్న అడ్వాన్సు, మిగిలిన నిల్వ. అంకెలు 1, 2, 3 లోనే రాయాలి, కన్నడం మాట్లాడే ఆదోని మనిషికీ ఒడియా మనిషికీ అర్థమయ్యేవి అవే. ఖాళీ సంచిని పొద్దున్నే అందరి ముందు తూచి ఆ బరువు చీటీ పుస్తకం మొదటి పేజీలో రాయాలి. కాటా సరిచూడటానికి ఇనుప గుండ్లు అక్కర్లేదు: ఖాళీ 20 లీటర్ల నీళ్ల క్యాను తూచి, గుర్తు దాకా నింపి మళ్లీ తూస్తే తేడా 20 కిలోలు రావాలి. రాకపోతే ఆ కాటా పక్కన పెట్టాలి. కాయ వడలిపోయి ఉంటే కిలో రేటు పెంచాలి, లేదా ఆ కోతను రోజు కూలికి మార్చాలి. చివరి కోత ఎటూ రోజు కూలికే ఉండాలి. బట్టీల్లో లెక్క అచ్చు తీసిన సాయంత్రమే జరగాలి. చీటీని ఫోనులో ఫొటో తీసుకుంటే వానకు తడిసినా పోదు.

ఇవన్నీ ఎక్కడ అమలు చేయాలో ప్రభుత్వానికి తెలియదా? ఈ-పంట నమోదులో ఏ ఊళ్లో ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాల మిరప ఉందో గ్రామ సచివాలయాల్లో ఉంది. ఏ చేలోకి ఎప్పుడు ముఠా దిగుతుందో వ్యవసాయ సహాయకుడు చెప్పగలడు. చీటీ పుస్తకాలు రైతు సేవా కేంద్రం నుంచే ఇవ్వవచ్చు, ఎరువుల బస్తాతో పాటు. తూనికల శాఖ వాళ్లు మండలానికి ఒక రోజు శిబిరం పెట్టి చేల కాటాలకు ముద్ర వేయవచ్చు. సంక్రాంతి దాటగానే కోతలు జోరందుకుంటాయి, ఆదోని వైపు వ్యాన్లు బయల్దేరతాయి. శిబిరాలు అంతకు ముందే, డిసెంబరులోనే పెట్టాలి.