ఒక చిప్, ఆరు మాస్‌ఫెట్లతో సర్వో డ్రైవ్ అయిపోతుందా?

ఇంట్లో చిన్న సీఎన్‌సీ మిల్లు (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) కట్టుకునేవాళ్ళ మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. అందులో చెప్పేదేంటంటే, బ్రష్‌లెస్ సర్వోకి (చెప్పిన చోటికి కదిలి అక్కడే నిలబడే మోటార్‌కి) వేలు పోసి డ్రైవ్ (దాన్ని నడిపే బోర్డు) కొనడం దండగ, ఎంసీ33035 చిప్ ఒకటి, ఆరు ఐఆర్ఎఫ్3205 మాస్‌ఫెట్లు (కరెంట్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులు), వాటి గేట్లు (స్విచ్‌ని తెరిచే కాళ్ళు) నడపడానికి మూడు ఐఆర్2101లు ఉంటే చాలు. రోటర్ ఎక్కడుందో చెప్పే హాల్ సెన్సర్లు మోటార్‌లోనే ఉంటాయి, మాస్‌ఫెట్ 110 ఆంపియర్లది కాబట్టి కాలే ప్రశ్నే లేదు, 48 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (డీసీ పవర్ సప్లై) తగిలించి నడిపేయండి అని. చదివితే నోరూరుతుంది. విడిభాగాల కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి సంచీ పట్టుకుని బయల్దేరే ముందు మాత్రం ఒక్కో ముక్కా విడదీసి చూడండి.

ముందు చిప్ సంగతి. ఎంసీ33035 మోటరోలా వాళ్ళు చేసిన పాత, మంచి చిప్. హాల్ సిగ్నల్ చూసి ఏ ఫేజ్‌కి (మోటార్‌లోని మూడు వైండింగుల్లో దేనికి) ఎప్పుడు కరెంట్ ఇవ్వాలో తనే తేల్చుకుంటుంది, మైక్రోకంట్రోలర్ అక్కర్లేదు. స్పిండిల్‌కి (కట్టర్‌ని తిప్పే మోటార్‌కి) వాడండి, నేను కూడా అదే చెబుతాను. కానీ స్పిండిల్ పని తిరుగుతూ ఉండటం, యాక్సిస్ (టేబుల్‌ని జరిపే మోటార్) పని సగం సేపు కదలకుండా నిలబడటం. కట్టర్ ఎటు నెట్టినా టేబుల్ ఉన్నచోటే ఉండాలంటే, సున్నా వేగం దగ్గర టార్క్ (తిప్పే బలం) ప్లస్ నుంచి మైనస్‌కి, మళ్ళీ ప్లస్‌కి కుదుపు లేకుండా మారుతూ ఉండాలి. ఈ చిప్‌లో దిశ మార్చడానికి ఒక పిన్ ఉంది, బ్రేక్‌కి ఇంకో పిన్ ఉంది. ఆ బ్రేక్ కూడా కింది (సప్లై మైనస్ వైపు ఉండే) మూడు స్విచ్చులనూ ఒకేసారి ఆన్ చేసి మోటార్ వైండింగ్‌ని షార్ట్ చేయడమే, అందులో కొద్దిగా అనేది లేదు. "దానికి జతగా ఎంసీ33039 ఉంది కదా, క్లోజ్డ్ లూప్ (కొలిచి తనే సరిదిద్దుకోవడం) అవుతుంది" అంటారు. అది హాల్ మారినప్పుడల్లా ఒక పల్స్ ఇస్తుంది. మోటార్ నిలబడితే పల్సే లేదు, తిరిగినా ఎటు తిరిగిందో అది చెప్పదు. వేగానికి సరిపోతుంది, స్థానానికి పనికిరాదు.

ఆ సలహాలో అసలు గొయ్యి ఐఆర్2101 దగ్గర ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పై (సప్లై ప్లస్ వైపు ఉండే) మాస్‌ఫెట్ గేట్‌కి కావలసిన వోల్టేజీ ఒక బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ నుంచి వస్తుంది, ఆ కెపాసిటర్ నిండాలంటే అదే ఫేజ్‌లోని కింది మాస్‌ఫెట్ అప్పుడప్పుడూ ఆన్ కావాలి. ఎంసీ33035 పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ కరెంట్‌ని అదుపు చేయడం) చేసేది కింది వాటిని మాత్రమే, పైది తన వంతు ఉన్నంతసేపూ పూర్తిగా ఆన్‌లోనే ఉంటుంది. మోటార్ తిరుగుతుంటే వంతులు మారుతుంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. కానీ కట్టర్ ఒత్తిడికి ఎదురు నిలబడి మోటార్ ఒకేచోట ఆగిందనుకోండి, అదే పై మాస్‌ఫెట్ ఆన్‌లో ఉండిపోతుంది, కెపాసిటర్ మెల్లగా ఖాళీ అవుతుంది, గేట్ వోల్టేజీ పడిపోతుంది, మాస్‌ఫెట్ సగం తెరిచిన స్థితిలో పూర్తి కరెంట్ మోస్తూ వేడెక్కి పోతుంది. బెంచీ మీద ఖాళీగా తిప్పినంతసేపూ అంతా బాగానే కనిపిస్తుంది, అందుకే ఈ సలహాకి ఇన్ని వీడియోలు.

ఇంకో రెండున్నాయి. ఆ చిప్ పై మూడు ఔట్‌పుట్లు ఓపెన్ కలెక్టర్ (కిందికి మాత్రమే లాగగలవు), ఆన్ అంటే లో. ఐఆర్2101కి ఆన్ అంటే హై. తిరగేయకుండా పుల్-అప్ (హైకి లాగే రెసిస్టర్) పెట్టి నేరుగా కలిపితే ఆఫ్‌లో ఉండాల్సిన పై మాస్‌ఫెట్లే ఆన్ అవుతాయి. రెండోది, దిశ పిన్ మార్చగానే ఒకే ఫేజ్‌లో పైది, కిందిది ఠక్కున స్థానాలు మార్చుకుంటాయి. ఐఆర్2101 రెండు ఇన్‌పుట్లనూ విడివిడిగా చూస్తుంది, మధ్యలో డెడ్ టైమ్ (సప్లై షార్ట్ కాకుండా రెండూ ఆఫ్‌లో ఉండే విరామం) ఇవ్వదు. ఐఆర్2104లో దాదాపు అర మైక్రోసెకను డెడ్ టైమ్ లోపలే ఉంటుంది. ఎలాగూ కొంటున్నప్పుడు అది కొనకుండా దీన్నెందుకు కొనమంటారో నాకైతే అర్థం కాదు.

హాల్ సెన్సర్లు చాలన్న మాట లెక్క వేస్తే తేలిపోతుంది. ఎనిమిది పోల్స్ ఉన్న మోటార్‌లో హాల్ ఒక చుట్టుకి 24 స్థానాలు చెబుతుంది. 5 మిల్లీమీటర్ల పిచ్ బాల్‌స్క్రూ (టేబుల్‌ని జరిపే స్క్రూ) మీద అది 0.2 మిల్లీమీటర్ల మెట్టు. అదే 2500 గీతల ఎన్‌కోడర్ (షాఫ్ట్ ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్) అయితే చుట్టుకి 10,000 లెక్కలు, అంటే అర మైక్రాన్ (మీ స్క్రూ అంత నిక్కచ్చిగా ఉండదు, అది వేరే కథ). పైగా ఈ చిప్ చేసే ఆరు మెట్ల కమ్యుటేషన్‌ని (ఫేజ్‌లు మార్చే పద్ధతిని) సైన్ వేవ్ మోటార్ మీద నడిపితే ఒక్కో మెట్టులో టార్క్ దాదాపు 13 శాతం దాకా పడి లేస్తుంది. నెమ్మదిగా నడిచే ఫినిషింగ్ పాస్‌లో అల్యూమినియం మీద అది గీతలుగా కనిపించవచ్చు.

110 ఆంపియర్లు? ఆ అంకె మాస్‌ఫెట్ కేస్ 25 డిగ్రీల దగ్గర ఉంటే. ప్యాకేజీ కాళ్ళు 75కి మించి మోయవని అదే డేటాషీట్‌లో ఉంది. సరే, మనకి 10 చాలు. చూడాల్సిన అంకె అది కాదు, ఆ మాస్‌ఫెట్ తట్టుకునే గరిష్ఠ వోల్టేజీ, 55 వోల్టులు.

ఎందుకంటే మోటార్‌ని ఆపినప్పుడు అది జనరేటర్. మోటార్, స్క్రూ, టేబుల్ కలిపి జడత్వం మోటార్ షాఫ్ట్ దగ్గర 0.0001 కేజీ-చదరపు మీటరు అనుకుందాం. 3000 ఆర్‌పీఎం నుంచి ఆపితే దాదాపు 5 జౌల్స్ వెనక్కి వస్తాయి. 48 వోల్టుల బస్ (డ్రైవ్‌కి వచ్చే డీసీ లైను) మీద 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే, నష్టాలు వదిలేసి లెక్క కడితే వోల్టేజీ 110 దాకా పోతుంది. సగం శక్తి వేడిగా పోయిందనుకున్నా 85 వోల్టులు. మామూలు ఎస్‌ఎంపీఎస్ దీన్ని వెనక్కి తీసుకోదు, మహా అయితే ఓవర్ వోల్టేజీ అని ఆగిపోతుంది. కెపాసిటర్లతోనే 55 లోపు ఆపాలంటే ఆ 5 జౌల్స్‌కి 13,700 మైక్రోఫారడ్ల దాకా కావాలి. బ్రేక్ రెసిస్టర్, దాన్ని ఆన్ చేసే చిన్న సర్క్యూట్ పెట్టుకోండి, అంతకంటే చవక మార్గం లేదు. దాంతోపాటు 48 వోల్టుల బస్‌కి 100 వోల్టుల మాస్‌ఫెట్లు తీసుకోండి.

మరి ఏం కొనాలి అంటే, ముందు మోటార్ ప్లేట్ చదవండి, చిప్ తర్వాత. 24 వోల్టుల చిన్న మోటార్‌తో నేర్చుకోవడానికి స్విచ్చులు లోపలే ఉన్న డ్రైవర్ చిప్‌లు డీఆర్‌వీ8313 (పీక్ 2.5 ఆంపియర్లు) లేదా ఎల్6234 హాయిగా సరిపోతాయి. ఎల్6234 మీద 5 ఆంపియర్లు అని రాసి ఉంటుంది, కానీ లోపలి స్విచ్ ఒక్కోటి 0.3 ఓమ్, కరెంట్ రెండింటిలో నుంచి పోతుంది కాబట్టి 5 ఆంపియర్ల దగ్గర 15 వాట్లు ఆ చిన్న ప్యాకేజీలోనే. 2 ఆంపియర్ల దగ్గర 2.4 వాట్లు, అది నమ్మొచ్చు.

నెమా 23 (మోటార్ ముఖం కొలత) సైజు, 48 వోల్టులు అయితే గేట్లు నడిపే డీఆర్‌వీ8302 చిప్‌ని అందరూ చెబుతారు. దాని పరిమితి 60 వోల్టులు, కాబట్టి 36 వోల్టుల బస్‌తో వాడితే నిద్ర పడుతుంది. 48 కావాల్సిందే అంటే 100 వోల్టుల తరగతి డీఆర్‌వీ8353. దాంట్లో ఫేజ్ కరెంట్ కొలవడానికి మూడు షంట్ యాంప్లిఫైయర్లు ఉన్నాయి, పై గేట్లకి ఛార్జ్ పంప్ ఉంది, మోటార్ నిలబడ్డా గేట్ వోల్టేజీ పడిపోదు. దానికి కమాండ్ ఇచ్చేది ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ మీద ఎఫ్‌ఓసీ (రోటర్ స్థానాన్ని బట్టి ఫేజ్ కరెంట్లని మృదువుగా మార్చే పద్ధతి) కోడ్ కావచ్చు, లేదా కరెంట్, వేగం, స్థానం మూడు లూపులూ హార్డ్‌వేర్‌లోనే ఉన్న టీఎంసీ4671 చిప్ కావచ్చు. కోడ్‌తో కుస్తీ ఇష్టం లేనివాళ్ళకి నా ఓటు రెండోదానికే.

స్క్రాప్‌లో దొరికే 200 వోల్టుల ఏసీ సర్వోలని 48 మీద నడపొచ్చంటారు కదా, నడుస్తాయి, టార్క్ కూడా వస్తుంది, కానీ 3000 ఆర్‌పీఎం మోటార్ 500 దగ్గర చతికిలబడుతుంది. పూర్తి వేగం కావాలంటే 230 వోల్టులని రెక్టిఫై చేసిన 325 వోల్టుల బస్, దానికి ఐసోలేషన్‌తో ఐపీఎం (స్విచ్చులు, వాటి గేట్ డ్రైవర్లు కలిసే ఉన్న) మాడ్యూల్. ఆ బస్ మైనస్ ఎర్త్ కాదు. ఓసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్ దానికి తగిలిస్తే మెయిన్స్ ఆ క్లిప్ గుండానే ఎర్త్‌కి షార్ట్ అవుతుంది, స్కోప్ ఎర్త్ పిన్ పీకేస్తే దాని లోహపు భాగాలన్నీ మెయిన్స్ మీద ఉంటాయి. డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌కి కలపకుండా రెండు బిందువుల మధ్య కొలిచేది) లేకుండా ఆ బోర్డు మీద కొలతలు మొదలుపెట్టకండి.