ఆవర్జాలోకి ఆలస్యంగా ఎక్కిన పేరు

అమెరికా నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు జాష్ గిబ్సన్ ఆఖరి సీజన్ ఆడింది 1946లో. బ్యాటింగ్ సగటులో అతను టై కాబ్‌ను మించినవాడని అక్కడి అగ్రశ్రేణి లీగు మేజర్ లీగ్ బేస్‌బాల్ ఒప్పుకున్నది 2024 మే నెలాఖరులో. ఈ 78 ఏళ్లలో గిబ్సన్ కొత్తగా కొట్టిందేమీ లేదు. 1947 జనవరి 20న, 35 ఏళ్లకే పిట్స్‌బర్గ్‌లో చనిపోయాడు. మారిందల్లా లెక్క రాసేవాళ్ల మనసే.

బేస్‌బాల్ మనకు పెద్దగా అలవాటు లేని ఆట కాబట్టి ఒక్క మాట చెప్పాలి. అక్కడి సగటు క్రికెట్ సగటు లాంటిది కాదు. బ్యాటర్‌కు వచ్చిన అవకాశాల్లో ఎన్నింటిని హిట్‌గా మలిచాడన్నదే లెక్క; హిట్ అంటే బంతిని కొట్టి ఔటవకుండా బేస్ చేరడం. పదింట మూడు (.300) కొడితే మంచి బ్యాటర్ అంటారు. 1928లో రిటైరైన కాబ్ కెరీర్ సగటు .367. దాన్ని ఎవరూ అందుకోలేరనే అందరూ అనుకున్నారు. నల్లవాళ్లను మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు ఆడుకున్న లీగులే నీగ్రో లీగ్స్. 1920 నుంచి 1948 దాకా వాటిలో ఆడిన 2,300 మందికి పైగా ఆటగాళ్ల అంకెలు కలిపేసరికి గిబ్సన్ .372తో పైకొచ్చాడు. స్లగింగ్‌లో, అంటే ఒక్కో అవకాశానికి సగటున ఎన్ని బేస్‌లు సంపాదించాడన్న లెక్కలో, బేబ్ రూత్ (.690) కూడా కిందికి దిగాడు. గిబ్సన్‌ది .718.

ఈ ప్రకటన రాగానే గొణుగుడు మొదలైంది. నీగ్రో లీగ్స్ సీజన్లు చిన్నవి, అరవై డెబ్భై మ్యాచ్‌లే, వాటిని 154 మ్యాచ్‌ల సీజన్లతో ఎలా తూస్తారని. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కానీ కొవిడ్ ఏడాది 2020లో మేజర్ లీగ్ ఆడింది 60 మ్యాచ్‌లే, ఆ రికార్డులను ఎవరూ పక్కన పెట్టలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, ఏ లీగులు 'మేజర్' అనిపించుకోవాలో 1969లో ఒక కమిటీ తేల్చింది. 1884లో ఒకే ఒక్క సీజన్ నడిచి, మధ్యలోనే కొన్ని జట్లు చేతులెత్తేసిన యూనియన్ అసోసియేషన్‌కు ఆ జాబితాలో చోటు దొరికింది. ఆ లీగులో సెయింట్ లూయిస్ జట్టు 94 గెలిచి 19 ఓడింది. పోటీ ఎంత గొప్పగా ఉందో ఆ అంకెలే చెబుతాయి. నీగ్రో లీగ్స్‌ను మాత్రం ఆ కమిటీ చర్చకు కూడా తీసుకోలేదు. ఆ తప్పును మేజర్ లీగ్ దిద్దుకున్నది 2020 డిసెంబర్‌లో.

ఒకే సీజన్ సగటు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. గిబ్సన్ 1943లో కొట్టిన .466 వెనక్కి నెట్టింది 1894 నాటి హ్యూ డఫీ .440ని. అంతకు ముందు ఏడాదే పిచ్చర్‌ను, అంటే బంతి విసిరేవాణ్ని, బ్యాటర్‌కు మరింత దూరం జరిపారు. బంతి చూసుకోవడానికి కాస్త టైమ్ దొరికింది, ఊళ్లో ఉన్న బ్యాటర్లందరూ పండగ చేసుకున్నారు. మరి ఆ .440కి లేని 'అయితే', 'కానీ' .466కే ఎందుకు?

అసలు పాత రికార్డుల్లో కొన్ని ఎలా పుట్టాయో తెలిస్తే వాటి పవిత్రత మీద ఇంత బెంగ ఉండదు. 1910లో సగటులో మొదటివాడికి చాల్మర్స్ కంపెనీ కారు బహుమతి ప్రకటించింది. పోటీ కాబ్‌కూ, క్లీవ్‌లాండ్ ఆటగాడు నాప్ లాజోయికీ మధ్య. కాబ్ అంటే తోటి ఆటగాళ్లకే గిట్టదు. ఆఖరి రోజు సెయింట్ లూయిస్‌లో లాజోయి జట్టుకు రెండు మ్యాచ్‌లున్నాయి. ఎదుటి జట్టు మేనేజర్ థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే తన కుర్రాణ్ని బాగా వెనక్కి వెళ్లి నిలబడమన్నాడు. ఇక లాజోయి చేయాల్సిందల్లా బంతిని మెల్లగా ముందుకు తోసి పరుగెత్తడమే. దాదాపు రోజంతా అదే పని, మొత్తం 8 హిట్లు. ఇంకో హిట్ కూడా రాస్తే కొత్త బట్టలు కొనిపెడతామని స్కోరర్‌కు కబురు కూడా వెళ్లింది. చివరికి లీగ్ అధ్యక్షుడు కాబ్‌నే విజేతగా ప్రకటించాడు, కంపెనీ ఇద్దరికీ చెరో కారు ఇచ్చి తప్పించుకుంది. డెబ్భై ఏళ్లు గడిచాక పాత కాగితాలు తిరగేస్తే తేలిందేమిటంటే, ఆ సీజన్‌లో కాబ్ ఆడిన ఒక మ్యాచ్‌ను రెండుసార్లు రాశారు. అలా వచ్చిన రెండు హిట్లు అదనం. 1981లో ఇది బయటపడ్డా, కమిషనర్ బవీ కూన్ లెక్క మార్చనన్నాడు. అందుకే కాబ్ కెరీర్ హిట్లు ఒక పుస్తకంలో 4,191, ఇంకో పుస్తకంలో 4,189.

తెల్లవాళ్ల చిట్టాలో పొరపాటు దొర్లితే దాన్ని అలాగే ఉండనిచ్చారు. నల్లవాళ్ల చిట్టా అయితే అసలు తెరవనే లేదు. నాకు కనిపించే తేడా ఇదీ.

వాషింగ్టన్‌లో గ్రిఫిత్ స్టేడియం ఉండేది. మేజర్ లీగ్ జట్టు సెనేటర్స్ ఊళ్లో లేనప్పుడు గిబ్సన్ జట్టు హోమ్‌స్టెడ్ గ్రేస్ అక్కడ ఆడేది, జనం బాగా వచ్చేవారు. సెనేటర్స్ యజమానికి అద్దె ముట్టేది. అదే మైదానం, అదే గడ్డి. గిబ్సన్ జట్టు కట్టే డబ్బు ఆయనకు కావాలి, గిబ్సన్ మాత్రం అక్కర్లేదు. గిబ్సన్ చనిపోయిన మూడు నెలలకు, ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లో జాకీ రాబిన్సన్ మైదానంలోకి దిగి, మేజర్ లీగ్‌లో నల్లవాళ్లకు మూసిన తలుపు తెరిచాడు.

అందుకే ఈ .372 చూసి బాకీ తీరిపోయిందనే వాళ్లతో నాకు పేచీ ఉంది. సగటు అనేది భాగహారం, తక్కువ మ్యాచ్‌లు ఆడినా నిలబడుతుంది. కూడికలతో వచ్చే రికార్డుల్లో గిబ్సన్ ఇప్పటికీ ఎక్కడో కిందే ఉంటాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని ఫలకం మీద దాదాపు 800 హోమ్ రన్లని (మన సిక్సర్ల లాంటివి) ఉంటుంది. అధికారిక పట్టికలో అవి 200 కూడా లేవు. నీగ్రో లీగ్ జట్లకు పొట్ట గడిచింది ఊరూరా తిరిగి ఆడిన మ్యాచ్‌లతోనే, అవేవీ లెక్కలోకి రావు. మన సి.కె. నాయుడు టెస్టు అంకెలు చూస్తే 7 మ్యాచ్‌లు, 350 పరుగులు. మొదటి టెస్టు నాటికే ఆయనకు 36 ఏళ్లు. ఆ 350 చూసి నాయుడి ఆట అంతేనని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా?

ఆ లీగుల అంకెల్లో ఇప్పటికి దొరికినవి ముప్పాతిక వంతేనని పరిశోధకుల అంచనా. స్కోర్‌కార్డులు దొరికింది ఎక్కువగా నల్లజాతి పత్రికల పాత సంచికల్లోనే. కొత్తగా ఒక పేజీ దొరికితే గిబ్సన్ సగటు పెరగొచ్చు, తగ్గనూ వచ్చు. తగ్గితే తగ్గనీ, రాసుకోవాల్సిందే.

నీగ్రో లీగ్స్ నుంచి మేజర్ లీగ్‌కు వెళ్లిన విల్లీ మేస్‌కు ఈ విలీనంతో 10 హిట్లు కలిశాయి, మొత్తం 3,293. 17 ఏళ్ల వయసులో బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్ తరఫున కొట్టినవి అవి. 1948 ఆగస్టులో అతను ఒక హోమ్ రన్ కూడా కొట్టాడని తెలుసు. కానీ ఆ మ్యాచ్ స్కోర్‌కార్డు దొరకలేదు. ప్రకటన వచ్చిన మూడు వారాలకు, జూన్ 18న, మేస్ చనిపోయాడు. పట్టికలో అతని హోమ్ రన్లు 660 దగ్గరే ఉన్నాయి.