సవరణ: ఏఎన్‌ఏ పాజిటివ్ వస్తే లూపస్ అని రాసిన మాట తప్పు

ఏడాదిగా వదలని కీళ్ల నొప్పులు, నీరసం గురించి మొన్న రాస్తూ, "ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చింది, ఇక లూపస్ ఖాయం" అన్నాను. అలా రాయకూడదు. అది చదివి ఎవరైనా భయపడి ఉంటే మన్నించండి. లూపస్ అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు. ఏఎన్‌ఏ అంటే సొంత కణాల కేంద్రకాలపై తయారయ్యే యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష.

నా రిపోర్టులో ఉన్నది 1:80. సీరాన్ని (రక్తంలోని ద్రవభాగాన్ని) 80 రెట్లు పలచన చేసినా ఆ యాంటీబాడీలు కనిపించాయని దాని అర్థం. ఏ జబ్బూ లేనివారిలోనూ నూటికి పదిమందికి పైగా ఈ స్థాయిలో పాజిటివ్ వస్తుంది. థైరాయిడ్ జబ్బు ఉన్నా, వయసు పైబడినా రావచ్చు. లూపస్‌ను గుర్తించే 2019 నాటి అంతర్జాతీయ ప్రమాణాల్లో 1:80 అనేది గడప మాత్రమే. అది దాటాక యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ (డీఎన్‌ఏపై తయారయ్యే యాంటీబాడీ), సీ3, సీ4 (రోగనిరోధక వ్యవస్థకు చెందిన రక్త ప్రోటీన్లు), మూత్రంలో ప్రోటీను, చర్మం, కీళ్లు అన్నీ కలిపి చూస్తారు. నాకు ఆ పరీక్షలు ఇంకా జరగనే లేదు!

ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) 38కి పెరిగి ఉండడాన్ని కూడా రుజువుగా చూపాను. రక్తహీనతలోనూ ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. నా హిమోగ్లోబిన్ 9.6 మాత్రమేనని అదే కాగితంలో, రెండు వరుసల పైన ఉంది.

లక్షణాల గురించి రాసినదంతా నిజం. ఈ రోజు ఉదయం కూడా మందు సీసా మూత తిప్పలేక పక్కన పెట్టేశాను. దాని వెనక ఉన్న జబ్బు పేరు మాత్రం ఇంకా తేలలేదు.