కూలి ముట్టింది, హమాలీకి కాదు

అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ మీద లేనిపోని నిందలు వేస్తున్నారు. 2022లో ఆయన కచేరీ టికెట్లు కొన్ని దాదాపు 5,000 డాలర్ల దాకా ఎగబాకేసరికి, కూలీనాలీ కష్టాలు పాడే మనిషి ఇలా చేస్తాడా అని ఒకటే గోల. గోల చేసినవాళ్లెవరూ ఆయన పాటలు సరిగ్గా విన్నట్టు లేదు.

అమెరికా జానపద గాయకుడు పీట్ సీగర్ ఊరూరా పాడిన పాత జానపదాలు, నల్లవాళ్ల భక్తిగీతాలు 2006లో ఆయన ఏరుకుని, న్యూజెర్సీలోని తన ఇంట్లో ఫిడేళ్లు, బాంజోలు, బాకాలు పోగేసి ఒక ఆల్బం చేశాడు. అందులో 'పే మీ మై మనీ డౌన్' ఉంది. జార్జియా తీరంలో ఓడలకు సరుకెత్తిన నల్ల హమాలీల పాట. నా కూలి ఇక్కడ పెట్టు, లేదా జైలుకు పో అని నిలదీసే పాట. పాడినవాడు దాన్ని నమ్మి ఆచరిస్తే తప్పా? బ్రోకర్లకు పోయే డబ్బు స్టేజీ మీద మూడు గంటలు చెమటోడ్చేవాళ్లకు ఎందుకు రాకూడదని ఆయనే అడిగాడు. న్యాయమే. బ్లాకులో అమ్మేవాడి నోరు మూయించడానికి బ్లాకు రేటు కౌంటర్లోనే పెట్టేశారు. కొనేవాళ్లు ఎగబడేకొద్దీ రేటు దానంతటదే పెరుగుతుంది, దాన్ని డైనమిక్ ప్రైసింగ్ అంటారు. మన సినిమా హాలు గేటు దగ్గర చేస్తే పోలీసులు పట్టుకుపోతారు.

ఆ పాట కట్టిన హమాలీయే టికెట్ కోసం ఆన్‌లైన్ క్యూలో నిలబడ్డాడనుకోండి. ముందు రెండు వేల మంది. పేజీ రిఫ్రెష్ చెయ్యొద్దన్నారు, చెయ్యలేదు. రేవులోనూ ఇలాగే చెప్పినమాట విని కూర్చున్నాడు, తెల్లారేసరికి ఓడ లేదు. వంతు వచ్చింది. 400 డాలర్లు. చిల్లర లెక్కపెట్టేలోపు 900. కూలి బాకీ రావాలి, రాగానే కట్టేస్తానన్నాడు. డిమాండ్ ఎక్కువగా ఉంది అంది స్క్రీను. డిమాండ్ చేస్తున్నది నేనే కదయ్యా అన్నాడు. 4,000. టికెట్లు అమ్మే కంపెనీ టికెట్‌మాస్టర్ మాత్రం నిశ్చింతగా ఉండమంది: వెయ్యి దాటినవి నూటికి 1.3 టికెట్లేనట, సగటు ధర 262 డాలర్లేనట.

పాడినందుకు కాదు నా కోపం. కత్రినా తుఫాను ముంచేసిన న్యూ ఆర్లీన్స్‌లో ఆ పాటలు ప్రాణం పెట్టి పాడాడు, చోద్యం చూస్తూ నిలబడ్డ అధ్యక్షుణ్ణి అక్కడే దెప్పాడు. తన పాటల ఖరీదూ ఆయనకు బాగా తెలుసు. 2021లో సోనీకి అమ్మితే సుమారు 50 కోట్ల డాలర్లు వచ్చాయని పత్రికలు రాశాయి. మరి ఆ హమాలీ పాట ఖరీదెంత? వాళ్ల పేర్లు ఎవడూ రాసి పెట్టలేదు కాబట్టి బాకీ కొట్టేసినట్టేనా? నడుములు విరిగింది వాళ్లవి కదా! మన బడిపిల్లలు 'హమ్ హోంగే కామ్యాబ్' అని పాడే 'వీ షల్ ఓవర్‌కమ్' మీద వచ్చిన రాయల్టీని సీగర్, మిగతా హక్కుదారులు జేబులో వేసుకోలేదు. టెన్నెసీలో ఉద్యమకారులకు శిక్షణనిచ్చే హైలాండర్ సెంటర్ ద్వారా నల్లవాళ్ల పనులకే పంపారు. స్ప్రింగ్‌స్టీన్ దానధర్మాలు చేస్తాడు, కాదనను. కానీ ఇది దానం లెక్క కాదు, కూలి లెక్క. టికెట్ మీద సర్వీస్ ఛార్జీ అని ఎలాగూ వేస్తున్నారు, దాని కింద హమాలీ ఛార్జీ అని ఇంకో గీత గీయండి. మన మార్కెట్ యార్డులో ధాన్యం బస్తాకే వేస్తున్నారు.