శ్రీ ఇరవై సెకన్ల గడియారం గారికి

మహారాజశ్రీ క్విజ్ ఆట గడియారం గారికి, బెంగళూరులో బీకాం వెలగబెడుతున్న కర్నూలు అమ్మాయి నమస్కరించి వ్రాయునది.

ఇవాళ అకౌంటెన్సీ క్లాసులో ఫోన్లలో క్విజ్ ఆడించారు: ప్రశ్నకి ఇరవై సెకన్లు, రంగురంగుల జవాబు బటన్లు, ఎంత త్వరగా నొక్కితే అన్ని పాయింట్లు. అందులో తమరు చేసిన ఉపకారం మరువలేనిది. కొత్త యంత్రం బిగించినందుకు కూలి ఇచ్చారు, ఏ ఖాతా డెబిట్ చేయాలి, అంటే ఏ ఖాతాలో ఎడమవైపు రాయాలి? కూలి అనగానే వేలు వేతనాల ఖాతా మీదికి పోతుంది. కాస్త ఆగితే, యంత్రం పనిలోకి రావడానికైన ఖర్చు దాని ధరలోనే కలుస్తుందని, యంత్రాల ఖాతానే డెబిట్ చేయాలని తడుతుంది. మేడమ్ నేర్పాలనుకున్నదే ఆ ఆగడం. నేను ఆగాను, తమరు ఆగలేదు. సరైన జవాబే నొక్కినా అడుగు నుంచి మూడో స్థానం! మొదటి స్థానం ‘బుల్లెట్ బాబు’ అని పేరు పెట్టుకుని ఆడినవాడిది. ఎలా తెలిసిందిరా అంటే, “నాకు ఎరుపు బటన్ కలిసొస్తుంది” అన్నాడు.

దీన్ని యాక్టివ్ లెర్నింగ్ అంటారట, ఊరికే వింటూ కూర్చోకుండా చేస్తూ నేర్చుకోవడమట. బొటనవేలైతే బాగానే యాక్టివ్‌గా ఉంది. ట్రాఫిక్‌కి పేరుమోసిన మా బెంగళూరు సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర కూడా ఇంతకంటే ఎక్కువసేపు ఆలోచించుకోనిస్తారు. వెనక బెంచీకి అందని వైఫై గురించీ, తమరి వెంట మోగే ఆ సంగీతం గురించీ నేనేమీ అనను.

ఆటలంటే నాకు పడదనుకునేరు. పోయిన సెమిస్టర్‌లో ఇదే మేడమ్ బిజినెస్ బోర్డు పరిచారు. పాచిక వేయడం, ఊరు కొనడం, అద్దె కట్టడం, ప్రతిదానికీ జర్నల్ ఎంట్రీ, అంటే డెబిట్ క్రెడిట్ల పద్దు, రాయడం. చివరికి డెబిట్లూ క్రెడిట్లూ సరిపోయాయా అని చూసే పట్టిక, ట్రయల్ బ్యాలెన్స్‌లో 90 రూపాయల తేడా. “తొమ్మిదితో భాగించి చూడండి” అన్నారు మేడమ్. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చట. ఖాతాల పుస్తకం, అదే లెడ్జర్, పేజీలన్నీ వెతికితే, 450 అద్దె కాస్తా 540 అయి కూర్చుంది. మేం వేసిన కేకకి పక్క క్లాసు సార్ తొంగిచూశారు.

1494లో వెనిస్‌లో ఇటలీ గణితజ్ఞుడు లూకా పాచోలీ, ప్రతి లావాదేవీనీ ఒకచోట డెబిట్‌గా, ఒకచోట క్రెడిట్‌గా రాసే జంటపద్దు విధానాన్ని అచ్చు వేయించిన నాటి నుంచీ లెక్క కుదిరిందా అనే అడిగారు గానీ, ఎవరు ముందు నొక్కారని ఎవరూ అడగలేదు. తొందరపడ్డవాడే తెలివైనవాడని నీకెవడు చెప్పాడు? రేపు పుస్తకాల్లో తప్పు రాసి, “త్వరగా రాశాను సార్” అంటే ఆడిటర్ బోనస్ పాయింట్లిస్తాడా?

డెబిటా క్రెడిటా అని ఒక్కముక్కలో తేలే ప్రశ్నలకి నువ్వుండు, క్లాసు హుషారుగానే ఉంటుంది. వచ్చేవారం తరుగుదల లెక్కలట, యంత్రం విలువ ఏటా ఎంత తగ్గుతుందో తేల్చడం. ధరలోంచి తుక్కు విలువ తీసేయాలి, ఎన్నేళ్లు పనిచేస్తుందో దాంతో భాగించాలి. నిమిషమైనా ఇవ్వు. కాలిక్యులేటర్ తీసేసరికే సగం పోతుంది.