బలిపీఠం మీది ప్లాస్టిక్ లిల్లీ గారికి

మహారాజశ్రీ ప్లాస్టిక్ లిల్లీ పువ్వు గారి సముఖమునకు, హనుమకొండ నుంచి సంఘ కార్యదర్శి నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం అడగను. తమరికి క్షేమం తప్ప వేరే గతి లేదు కదా.

క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా, అంటే నిన్న సాయంత్రం, తమరిని పీఠం మీది నుంచి దించి చర్చి వెనక కుళాయి దగ్గర బకెట్లో ముంచింది నేనే. గుప్పెడు సబ్బుపొడి వేశాను. ఏడాది దుమ్ము, రెండు సాలెగూళ్లు, కొవ్వొత్తి మైనం చుక్కలు తేలాయి. రేకుల మీద మంచుబిందువులని ఇన్నాళ్లూ మురిసిపోయినవి ఎండిన జిగురు చుక్కలని నిన్ననే తెలిసింది. కాడ లోపలి తీగ తుప్పు పట్టింది. ఒక ఆకు అడుగున ధర కాగితం ఇంకా అతుక్కునే ఉంది. గోరుతో గీకితే సగం వచ్చింది, సగం రాలేదు. సొలొమోను వైభవం ఖరీదెంతో ఎవరికీ తెలియదు. తమరిది మాత్రం డజను 180 రూపాయలు.

తమరు ఆ ఎత్తుకు ఎక్కింది మత్తయి సువార్త ఆరో అధ్యాయం చలవతోనే. పొలంలో పూసే పువ్వు ముందు సొలొమోను రాజు వైభవం కూడా తీసికట్టేనని యేసు చెప్పిన మాట అక్కడే ఉంది. ఇంగ్లీషు బైబిలులో అక్కడ లిల్లీలు ఉన్న మాట నిజం. కానీ మన తెలుగు బైబిలు తీస్తే "అడవిపువ్వులు ఏలాగు ఎదుగుచున్నవో ఆలోచించుడి" అని ఉంది. గ్రీకు మూలంలోని మాట ఏ పువ్వుదో పండితులు ఇంకా తేల్చనే లేదు. గలిలయ కొండల మీద ఎర్రగా పూసే అనిమోనీ కావచ్చునంటారు కొందరు. పరమగీతంలో ఇంగ్లీషువారు లిల్లీ అన్నచోట మనవాళ్లు పద్మం అన్నారు. అంటే ఆ స్థలానికి తెలుగులో తమరి పేర పట్టా లేదు. కనీసం తెల్లకాగితం మీద రాసుకునే సాదా బైనామా కూడా లేదు. వాక్యం ప్రకారం హక్కుదారులు ఎవరయ్యా అంటే, మా వైపు రాళ్ల గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండా పూసే తంగేడు, చేను గట్ల మీద కలుపులా లేచే గునుగు. తంగేడు రాష్ట్ర పుష్పం కూడా అయింది. మా చర్చిలోకి మాత్రం ఇంకా ప్రవేశం దొరకలేదు.

దొరకలేదని పొరపాటున అన్నాను. మా సంఘంలో ఒక అవ్వ ఉంది. పూసే కాలంలో గునుగు, ఆ తర్వాత బంతి, ప్రతి ఆదివారం కొంగులో వేసుకుని మొదటి గంటకే వచ్చేది. పువ్వుల వెంట ఒక చీమో పురుగో కూడా ఆరాధనకు వచ్చేది. మధ్యాహ్నానికి రేకులు రాలేవి. ఎర్ర తివాచీ మీద పసుపు మరకలు పడేవి. "ఇకపై బలిపీఠంపై సహజ పుష్పాల వాడకం నిలిపివేయడమైనది" అని కమిటీ తీర్మానించింది. ఆ వాక్యం నా దస్తూరీలోనే ఉంది. మరుసటి ఆదివారం అవ్వ తమరి దగ్గర చాలాసేపు నిలబడి, వేలితో ఒకసారి తాకి, "దీన్ని ఎన్ని రోజులకు మారుస్తారయ్యా?" అని అడిగింది. మార్చే పనే లేదవ్వా అని నేను గొప్పగా చెప్పాను. తెచ్చిన బంతిపూలు మళ్లీ కొంగులో మూటకట్టుకుని వెళ్లి, వెనక బల్ల మీద కూర్చుంది.

ఆ తీర్మానం చేసిన రోజు కమిటీలో తమరి తరఫున ఒకాయన మొదటి కీర్తన ఎత్తాడు. నీతిమంతుడు ఆకు వాడని చెట్టువంటివాడని రాసి లేదా అన్నాడు. ఎవరం నోరెత్తలేదు. ఇంటికి వెళ్లి చూసుకుంటే, ఆ చెట్టు నీటికాలువల ఒడ్డున నాటినదట, తన కాలమందు ఫలమిస్తుందట. కాలువ నీళ్లు ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసే రైతుల మధ్య బతుకుతూ కూడా మేము ఆ ముక్క దాటేసి, ఆకు దగ్గరే ఆగిపోయాం. తమరికి కాలువ దేనికి? ఏడాదికి ఒక బకెట్ చాలు.

అదే మాకు నచ్చింది. దాచడం ఎందుకు, ఇప్పుడు మా సంఘంలో ఆదర్శ విశ్వాసి అంటే తమరే. ఎప్పుడు చూసినా ఒకే నవ్వు, వాసన లేదు, విత్తనం లేదు. స్తంభానికి చుట్టిన తమరి తమ్ముడు ద్రాక్షతీగ కూడా అంతే. ఫలించే తీగను మరింత ఫలించడానికి కత్తిరిస్తారని యోహాను రాశాడు. మీ తమ్ముడికి కత్తెర భయమే లేదు, పన్నెండు గుత్తులు ఎప్పటికీ పన్నెండే. ఇక ఆవగింజంత విశ్వాసం మా అందరి ఇళ్లలోనూ పోపుల పెట్టెలో భద్రంగా ఉంది.

ఆ అడవిపువ్వుల గురించే ఉన్న "కష్టపడవు, ఒడకవు", అంటే నూలు వడకవు అన్న మాట వరంగల్‌లో చదవడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది. పక్కనే కొత్తవాడలో మగ్గాల మీద వంగి నేసినవారి చేతుల వల్లే వరంగల్ తివాచీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చేతులు కూడా వచ్చి మా బల్లల మీద కూర్చుని ఆ వాక్యం వింటాయి. తమరూ కష్టపడరు, ఒడకరు. కాకపోతే ఆ వెంటనే "నేడుండి రేపు పొయిలో వేయబడు" అని ఉంది. అక్కడ మాత్రం తమరితో చిక్కు వచ్చింది.

చిక్కు ఏమిటంటే బూడిద. మట్టల ఆదివారం ఈతమట్టలు పట్టుకుని ఊరేగుతాం. గీత పనివారిని అడిగితే తెల్లవారుజామునే కోసి ఇస్తారు, పచ్చి ఈనెలు వేళ్లకు గుచ్చుకుంటాయి. ఎండిన ఆ మట్టలనే మరుసటి ఏడాది కాల్చి, భస్మ బుధవారం నుదుట రాస్తారు. ఈసారి నుంచి మట్టలు కూడా ప్లాస్టిక్‌వే కొందామని కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చింది. ముందుగా పరీక్షిద్దామని తమరి రాలిన ఆకు ఒకటి అగ్గిపుల్లతో అంటించాను. బూడిద రాలేదు. నల్లగా ముద్దకట్టి, చుక్కలు చుక్కలుగా కారి, గచ్చుకు అతుక్కుపోయింది. ఆ కంపు మూడు రోజులు పోలేదు. దాన్ని ఎవరి నుదుట పెట్టాలో కమిటీయే చెప్పాలి.

డోర్నకల్ ఇక్కడికి ఏమంత దూరం కాదు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన అజరయ్య గారు అక్కడ కట్టించిన కెథడ్రల్, గుడి స్తంభాల పోకడా మసీదు గుమ్మటాల పోకడా కలుపుకుని 1939లో తలుపులు తెరిచింది. ఆయన రాతిని సైతం ఈ నేల యాసలో పలికించారు. మేము పువ్వును కూడా అట్టపెట్టెలో తెప్పించుకున్నాం.

తమరి విషయం తేల్చడానికి నేనొక ఉపాయం ఆలోచించాను. కోత పండుగనాడు గుమ్మడికాయలు, వరి కంకులు, నాటుకోళ్లు వేలం వేస్తాం కదా, వాటి మధ్య తమరినీ పెడితే సరి అనుకున్నాను. కానీ మా ఊరివాళ్లు సొరకాయకు వెయ్యి పాడతారు గానీ తమరికి పది కూడా పాడరు. ఎవరూ పాడకపోతే కార్యదర్శే తీసుకోవాలన్నది మా ఆనవాయితీ. మా ఇంట్లో తమరిని ఎక్కడ పెట్టను? అందుకే మాట్లాడకుండా తుడిచి, ఆరబెట్టి, సగం ధర కాగితం గోడ వైపు తిప్పి మళ్లీ పీఠం ఎక్కించాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
సంఘ కార్యదర్శి