ఏ నోట్ సార్?

పొద్దున రేణిగుంట రోడ్డు సైటులో మూడో అంతస్తు బాత్రూం కింద సీలింగ్‌లో చెమ్మ కనిపించింది. చెయ్యి పెట్టి చూస్తే తడిసిన పుట్టీ వేళ్లకు అంటుకుని వచ్చింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నా.

పూత వేశాక స్లాబ్‌ని కొట్టడం అనే ఇదే తప్పు రెండేళ్ల కింద తిరుచానూరు సైటులో చేశాం. సంకెన్ స్లాబ్‌కి, అంటే పైపుల కోసం కాస్త కిందికి దించి పోసిన బాత్రూం స్లాబ్‌కి, వాటర్‌ప్రూఫింగ్ పూత వేసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, అంతా బాగుందని సంతకాలు పెట్టాక ప్లంబర్ వచ్చి నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్ కోసం అదే స్లాబ్‌ని మళ్లీ కొట్టాడు. కొట్టిన చోట ఇంకోసారి పూత వేసి నీళ్లు నిలబెట్టి చూసినవాళ్లు లేరు. చివరికి 11 బాత్రూముల్లో టైల్స్ పగలగొట్టించాం. ముందు పైపుల తూట్లు, తర్వాతే పూత అని నేనే రెండు పేజీలు రాసి ఆఫీసులో ఇచ్చాను.

ఇవాళ సైట్ ఇంజినీర్ని "ఆ నోట్ చదివావా నాయనా" అని అడిగితే "ఏ నోట్ సార్?" అన్నాడు. వాడి తప్పేం లేదు, చేరి నాలుగు నెలలే. ఆఫీసుకెళ్లి వెతికితే సిమెంటు బిల్లుల ఫైల్లో దొరికింది, పైన టీ గ్లాసు మరక గుండ్రంగా ఉంది. సిమెంటు బస్తా బస్తాకీ రిజిస్టర్ రాస్తారు కదా, 11 బాత్రూములు పగలగొట్టి నేర్చుకున్నదానికి ఒక్క రిజిస్టర్ పెట్టలేరా?

పోయిన ఏడాది మా అందరికీ ట్రైనింగ్ పెట్టారు. జపాన్ ప్రొఫెసర్ ఇకుజిరో నోనాకా చెప్పిన సంగతులు చూపించారు: పనివాడి చేతుల్లో ఉండే జ్ఞానం పక్కన ఉండి పనిచేస్తేనే అబ్బుతుందట, దాన్ని మాటల్లోకి తెచ్చి అందరికీ అందిస్తేనే సంస్థ ఎదుగుతుందట. నాకు మా మేస్త్రీ కళ్లముందు కదిలాడు. సరిగ్గా ఆ నెలలోనే ఆయన్ని పంపించేశారు, రోజు కూలీ తక్కువకు ఇంకో బ్యాచ్ దొరికిందని!

వాన పడిన మర్నాడు ఆయన పిడికెడు ఇసుక పిండి చూసి తట్టల లెక్క మార్చేవాడు. తడి ఇసుక పాతిక శాతం దాకా ఉబ్బుతుంది, అన్నే తట్టలు వేస్తే మిక్స్‌లో ఇసుక తగ్గిపోతుంది. స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరం, 4.5 మీటర్లు దాటితే స్లాబ్ కింద ప్రాప్స్ (ఊతంగా పెట్టే జాకీలు) 14 రోజులు ఉంచాలని మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కోడ్‌లో ఉంది. కోడ్ పుస్తకం ఆయన ఎన్నడూ తెరవలేదు, అయినా మేనేజర్ మీద పడి అరుస్తున్నా 14 రోజులు గడిచేదాకా జాకీ ముట్టనివ్వలేదు. ఆయన్ని పంపకుండా ఉంచుకుని, ఆ కుర్ర ఇంజినీర్ని ఒక్క నెల ఆయన వెంట తిప్పి ఉంటే ప్లంబర్ చేతిలో సుత్తి అప్పుడే ఆగేది.

అసలు నా కడుపుమంట బాత్రూం గురించి కూడా కాదు. ఎనిమిదేళ్లు చేసిన మనిషికి వెళ్లేటప్పుడు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. సైట్ మీటింగుల్లో ఆయనకి ఏనాడూ కుర్చీ వెయ్యలేదు, గోడకానుకుని నిలబడి వినేవాడు. మూడు వారాల కూలీ ఇంకా బాకీ. ఆయన రసమట్టం నా బండి డిక్కీలోనే ఉంది. ఆదివారం చంద్రగిరి వెళ్లి ఇచ్చొస్తా, ఆ కూలీ డబ్బు సంగతి రేపే అకౌంట్స్‌లో కూర్చుని తేల్చుకుంటా.